నేల మీది పప్పు

ఆ ఎండాకాలం మా ఇంట్లో నేల మీద పడని వంటకం లేదు. పప్పన్నం, పెరుగన్నం, పాలలో నానబెట్టిన జొన్నరొట్టె, పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, మెదిపిన అరటిపండు, ఏది పెట్టినా అంతే. వర్ష ఒక్క ముద్ద తినేది. రెండో ముద్ద గుప్పిట్లోకి తీసుకుని నా మొహంలోకి సూటిగా చూసేది. విసిరేది. విసిరాక మళ్ళీ నా మొహంలోకే చూసేది, ఇప్పుడేం చేస్తావన్నట్టు.

వర్ష నా కూతురు. అప్పటికి దానికి ఇరవై నెలలు. మా ఊరి జమ్ములమ్మ జాతర అయిన వారానికి విసరడం మొదలుపెట్టింది. మొదట్లో అందరూ నవ్వారు. పదిరోజులు తిరిగేసరికి నవ్వు పోయి తప్పెవరిదన్న వెతుకులాట మొదలైంది. వెతకడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు. నేను ఎదురుగానే ఉన్నాను కదా.

మా ఇల్లు గద్వాలలో, కోట వెనక సందులో. ముందుగదిలో మగ్గం, వెనక వంటగది, రెండింటి మధ్య మేము కూర్చుని తినే చోటు. మామ వెంకటయ్య నేతలో పేరున్న మనిషి. అత్త కిష్టమ్మ ఆయన పక్కనే అదే మగ్గం మీద కూర్చుంటుంది. మా చీరలకు అంచు వేరు, ఒళ్ళు వేరు. ఆ రెండింటి పోగులూ ఒకదాంట్లో ఒకటి వేసి కలపాలంటే ఒక్క మనిషి చేతులు చాలవు. నా మొగుడు రంజిత్ బజారులో చీరల షాపులో పనిచేస్తాడు, మధ్యాహ్నం తిండికి ఇంటికొస్తాడు. నాగర్‌కర్నూలు నుంచి ఈ ఇంటికొచ్చి నాకు నాలుగేళ్లు. వంట, పిల్ల, మగ్గానికి నూలు కండెలు చుట్టడం నా పనులు. ఆ ఎండాకాలంలో నేల తుడవడం కూడా వాటిలో చేరింది.

అత్త దిష్టి తీసింది. మిరపకాయలు పొయ్యిలో వేసింది. పక్కింటామె చెప్తే మెడలో తాయెత్తు కట్టింది. రంజిత్ ఫోనులో బొమ్మలు పెట్టి పిల్ల ముందుంచాడు. బొమ్మలు చూస్తూ నాలుగు ముద్దలు ఎక్కువ తినేది, ఐదోది ఫోను మీదికే విసిరేది. మామ మగ్గం మీంచి దిగకుండానే తీర్పు చెప్పేవాడు.

"ఆడపిల్లకు గిదేం బుద్ధి? రేపు ఇంకో ఇంటికి పోయి గిట్లనే చేస్తే మనల్నే అంటరు. తల్లి నేర్పాలె."

తల్లి నేర్పాలి. ఆ మాట రోజుకు రెండుసార్లు వినేదాన్ని. ఒకరోజు పొద్దున, రొట్టె ముక్క నా చెంపకు తగిలాక, పిల్ల చేతిని పట్టుకుని గట్టిగా కొట్టాను. ఒక్కటి కాదు, రెండు. దాని మణికట్టు మీద నా వేళ్ళు ఎర్రగా తేలాయి. అది కాసేపు ఊపిరి బిగబట్టి, తర్వాత ఏడ్చింది. సాయంత్రం మళ్ళీ విసిరింది. కొట్టి నేను సాధించింది ఏమీ లేదు. దాని చెయ్యి చూసినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసింది, అంతే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా మామ కూడా పళ్ళెం విసిరేవాడు. కాకపోతే దాన్ని మా ఇంట్లో విసరడం అనరు. "మీ మామకు కోపమొచ్చింది" అంటారు, వానొచ్చింది అన్నట్టు. పెళ్ళయిన ఎనిమిదో రోజున నేను మొదటిసారి చూశాను. రొట్టె చల్లారిందట. స్టీలు పళ్ళెం గోడకు తగిలి, గిర్రున తిరుగుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. అత్త తింటున్న ముద్ద వదిలేసి లేచింది. తుడిచింది. ఇంకో పళ్ళెంలో వేడి రొట్టె పెట్టింది. ఆయన తిన్నాడు. ఆయనంతే, పట్టించుకోవద్దని తర్వాత రంజిత్ నాకు చెప్పాడు. నేను పట్టించుకోలేదు. నెలకోసారి, మగ్గం మీద పని సాగకపోతే నెలకు మూడుసార్లు. ఉప్పు తక్కువైనా, పులుపు ఎక్కువైనా, పోగు తెగినా, ఎండ ముదిరినా. నాలుగేళ్లు పట్టించుకోలేదు. అందరి మీదా ఉన్న కోపం ఒక ఎత్తు, ఆ నాలుగేళ్ల మీద నాకున్న కోపం ఒక ఎత్తు.

ఏప్రిల్‌లో పిల్లల బరువు తూచే రోజున వర్షను అంగన్‌వాడీకి తీసుకుపోయాను. అక్కడి టీచర్ నిఖత్. నాకంటే చిన్నది, ఇద్దరు పిల్లల తల్లి. బరువు బాగానే ఉందంది. నేను ఆగలేక అంతా చెప్పేశాను, కొట్టిన సంగతి కూడా. ఆమె తిట్టలేదు, ఓదార్చనూ లేదు. పుస్తకంలో బరువు రాసుకుంటూనే చెప్పింది. ఈ వయసులో చాలామంది విసురుతారట. కడుపు నిండిందని చెప్పడానికి మాటలు రాక కొందరు, మన మొహం ఎలా మారుతుందో చూడడానికి కొందరు. పళ్ళెం నిండా పెట్టొద్దు, మూడు ముద్దలే పెట్టు, తింటే ఇంకో మూడు. ఫోను తీసెయ్యి. వద్దనుకున్నది వెయ్యడానికి పక్కన ఒక గిన్నె పెట్టు. అయినా విసిరితే నవ్వొద్దు, తిట్టొద్దు, బతిమాలొద్దు. 'అయిపోయింది' అని చెప్పి పళ్ళెం తీసెయ్యి. మళ్ళీ ఆకలేసే వేళకు పెట్టు. ఇంట్లో అందరూ ఒకే తీరుగా ఉండాలి, ఒకరు తీసేస్తే ఇంకొకరు పెట్టొద్దు.

తర్వాత పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"ఇంట్ల ఇంకెవరన్న గట్ల ఇసురుతరా అక్కా? పిల్లలు చూసే నేర్చుకుంటరు."

"లేదు టీచర్," అన్నాను.

ఇంటికి పది నిమిషాల నడక. పిల్లను చంకనేసుకుని, కొంగు దాని నెత్తిన కప్పి, ఆ ఎండలో నడుస్తుంటే నాకు ఒళ్ళు మండుతున్నది ఎండకు కాదు. ఎంత తేలిగ్గా అన్నాను ఆ లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, పక్కన ఇంటివాళ్ళెవరూ లేరు. అయినా నోరు దానంతటదే ఆయన పరువు కాపాడింది. ఆయన పళ్ళెం విసిరితే అత్త తుడుస్తుంది, మొగుడు తల వంచుకుంటాడు, నేను ఊరివాళ్ళకు లేదని చెప్తాను. ఇరవై నెలల పిల్ల విసిరితే మాత్రం తల్లి నేర్పాలి. నేర్పింది ఎవరో ఇల్లంతటికీ తెలుసు.

ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. మూడు ముద్దలు, పక్కన చిన్న గిన్నె. విసిరితే 'అయిపోయింది' అని పళ్ళెం తీసేశాను. వర్ష ఏడ్చింది చూడండి, వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చింది. అత్తకు ప్రాణం ఒప్పలేదు. పసిదాన్ని ఆకలితో మాడుస్తానా అని నా మీద లేచింది, ముద్ద కలిపి పెట్టబోయింది. ఆమె చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. ఇంటికొచ్చాక నేను అత్త మాట కాదన్నది అదే మొదటిసారి. ఆమె నా మొహం వంక చూసి, మగ్గం దగ్గరికి పోయింది. పిల్లకు రెండు గంటల తర్వాత ఆకలేసింది. పెట్టాను, తిన్నది.

మామ వెటకారం చేశాడు, ఇప్పుడు తిండి కూడా బడిపుస్తకం చూసి పెడతరా అని. రంజిత్ రెండురోజులు మూతి ముడుచుకున్నాడు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. జవాబు చెప్తే ఏ మాట వస్తుందో నాకే భయం.

మూడు వారాలు పట్టింది. విసరడం పూటకోసారికి తగ్గింది, తర్వాత రెండురోజులకోసారి. ముద్దలు గిన్నెలో వేయడం మొదలుపెట్టింది. ఒకరోజు పళ్ళేన్ని రెండు చేతులతో ముందుకు నెట్టి "సాల్" అంది. నేను నిఖత్‌కు ఫోన్ చేసి చెప్పాను. అప్పుడు అత్త గుమ్మం దగ్గర నిలబడి వింటున్నదని చూశాను గానీ, ఆమె ఏం వింటున్నదో నాకు తెలియలేదు. ఆ మూడు వారాలూ ఆమె నన్నూ పిల్లనూ ఎంత శ్రద్ధగా గమనించిందో తర్వాత గానీ అర్థం కాలేదు.

మే నెలలో ఒక ఆదివారం. పెళ్ళిళ్ళ రోజులు, రెండు చీరలు ఇవ్వాల్సి ఉంది. పొద్దున్నుంచీ పట్టుపోగు తెగుతూనే ఉంది. మామ మగ్గం మీద గొణుగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం అందరం ఒకేసారి తినడానికి కూర్చున్నాం. అత్త నాతో పాటే కూర్చుంది, వర్ష రంజిత్ పక్కన, తన చిన్న పళ్ళెం ముందు. మామిడికాయ పప్పు చేశాను. కాయ పులుపు ఎక్కువే, అది నాకు కూడా తెలిసింది.

మామ ఒక్క ముద్ద తిన్నాడు. పళ్ళెం లేచింది. గోడకు తగిలింది. పప్పు నా భుజం మీద, గోడ మీద, బండల మీద. ఎప్పటిలాగే అందరం తలలు వంచాం.

వర్ష వంచలేదు. అది తాత వైపు చూసింది. తర్వాత తన పళ్ళెం రెండు చేతులా ఎత్తి, అదే గోడ వైపు విసిరింది. దాని బలానికి అది మూరెడు దూరంలోనే పడింది. విసిరి తాత మొహంలోకి చూస్తూ నవ్వింది. ఆ నవ్వు ఈనాటికీ నా కళ్ళలో ఉంది. అల్లరి నవ్వు కాదది. నేనూ నీలాగే చేశాను, చూశావా అన్న నవ్వు.

ఆయన లేచి వంగి దాని చెంప మీద కొట్టాడు.

పిల్ల వెంటనే ఏడవలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తనేం తప్పు చేసిందో దానికి తెలియలేదు. నేను లేవబోయాను. ఏం చేసేదాన్నో నాకు తెలియదు, ఏదో ఒకటి చేసి తీరేదాన్ని. కానీ నాకంటే ముందు అత్త లేచింది.

తుడవడానికే లేచిందనుకున్నాం. ఆమె మనుమరాలిని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. గోడ దగ్గర పడ్డ మామ పళ్ళెం తీసింది, ఆయన ముందున్న రొట్టెల గిన్నె తీసింది, నీళ్ళ చెంబు తీసింది. మూడూ వంటగదిలో పెట్టి వచ్చింది. తన పళ్ళెం ముందు కూర్చుంది.

"అయిపోయింది," అంది.

మామకు అర్థం కాలేదు. ఇంకో పళ్ళెం పెట్టమన్నాడు. ఆమె ముద్ద కలుపుకుంటూ ఆయన వైపు చూడకుండానే మళ్ళీ అంది.

"అయిపోయిందంటున్న గద."

ఆమె గొంతు పెంచలేదు. పులుపు ఎక్కువైన ఆ పప్పుతోనే ముద్ద ముద్దా నమిలి తిన్నది. రంజిత్ గుడ్డ కోసం లేచాడు. కూర్చోమన్నాను. మామ ఒకసారి వంటగది వైపు చూశాడు, ఒకసారి ఆమె వైపు చూశాడు. చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. ఆ పూట బస్టాండు దగ్గర హోటల్లో తిన్నాడని తర్వాత తెలిసింది.

ఆయన పోయాక రంజిత్ మెల్లగా, నాన్నకు బీపీ ఉంది, ఎండలు కూడా ఎక్కువున్నాయి అన్నాడు. ఆ మాటతో నాలో అన్నాళ్ళు పట్టి ఉంచింది తెగింది.

"నీ బిడ్డ ఈ ఇంట్ల ఇసురుడు నేర్చుకున్నది. నువ్వు ఇదే ఇంట్ల తల వంచుడు నేర్చుకున్నవు. దానికి నేను మానిపిస్తున్న. నీకెవరు మానిపియ్యాలె?"

అతను ఏమీ అనకపోవడమే కదా నా బాధ. అత్త మాత్రం చేయి కడుక్కుంటూ చెప్పింది. రంజిత్ మూడేళ్ల పిల్లాడుగా ఉన్నప్పుడు, తండ్రి తినడానికి కూర్చుంటే పళ్ళెం ఎత్తుకుని, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలోకి దిగి తినేవాడట. తండ్రి తినడం అయ్యాక పైకొచ్చేవాడట. ఆ మాట విని రంజిత్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకేసారి ఉండగలవని నాకు ఆ రోజే తెలిసింది.

పప్పు అలాగే ఉంది. ఆ సాయంత్రానికి ఎండింది, మర్నాటికి చీమలు పట్టాయి. నేను తుడవలేదు, రంజిత్‌ను తుడవనివ్వలేదు. మామ దాన్ని దాటుకుంటూ మగ్గం దగ్గరికి పోయాడు, దాటుకుంటూ వచ్చాడు.

మంగళవారం పొద్దున్నే అత్త సంచీ సర్దుకుంది. వనపర్తి దగ్గర పాన్‌గల్‌లో ఆమె చెల్లెలు ఉంది. పెళ్ళిళ్ళకు, చావులకు తప్ప అత్త ఎన్నడూ అక్కడికి పోలేదు. పోతానని ఎవరినీ అడగలేదు. వనపర్తి బస్సు ఎన్నింటికి ఉందని నన్ను మాత్రం అడిగింది. వంటగదిలో నా చెయ్యి పట్టుకుని, బిడ్డ విషయంలో నా మీద లేచినందుకు మనసులో పెట్టుకోవద్దంది. తర్వాత అంది.

"ముప్పై ఆరేండ్లు తుడిస్తి మమతా. నేను తుడుస్తున్న గనుకనే ఆయన ఇసిరిండు. గా ముచ్చట నువ్వు పసిపిల్ల పళ్ళెం తీస్తుంటే తెలిసొచ్చింది నాకు."

తప్పు నీది కాదత్తా అన్నాను. ఆమె విన్నదో లేదో, సంచీ భుజానికి తగిలించుకుని నడిచిపోయింది.

మగ్గం ఆగింది. పక్కన కూర్చోవడానికి మనిషి లేక మామ ఒక్కడే ఆ పక్కా ఈ పక్కా చేతులు చాచి, ఒక రోజంతా కష్టపడి బెత్తెడు కూడా నేయలేకపోయాడు. నన్ను కూర్చోమన్నాడు. నాకు పిల్ల ఉందన్నాను. నేను వంట మానలేదు, ఆయనకు పళ్ళెం పెట్టడమూ మానలేదు. ఆయన మాట్లాడకుండా తిని లేచేవాడు. ఆయనకు వడ్డిస్తున్నప్పుడల్లా నాకు వర్ష చెంప గుర్తొచ్చేది.

నాలుగో రోజు ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ ఎండిన పప్పు మీద పోశాడు. కాలితో రుద్దాడు. పసుపు మరక ఇంకాస్త పెద్దదైంది. అరవై ఏళ్ల మనిషి, వెంట్రుక కంటే సన్నటి పోగును చూడకుండా ముడివేయగలడు, నేల తుడవడం తెలియదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. గుడ్డ ఎక్కడుందో చెప్పలేదు.

వారం దాటాక అత్తకు ఫోన్ చేసి రమ్మని చెప్పమన్నాడు నన్ను. మీరే అడగండి మామా అని నంబరు కలిపి, మాట బయటికి వినబడేలా పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన మగ్గం ఆగిందన్నాడు. చీరల కోసం షాపువాళ్ళు అడుగుతున్నారన్నాడు.

"నేల కడిగినవా?" అంది అత్త.

"కడిగిన."

"మంచిగ కడిగినవా?"

ఆయన మరక వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"లేదు."

"మంచిగ కడుగు. పిల్లను కొట్టినవు, దాని ముంగట ఒప్పుకో. అప్పుడొస్త."

ఆయన ఫోను నా చేతిలో పెట్టేశాడు. మొహం నల్లబడింది. ఆ రోజు, ఆ మర్నాడు ఏమీ జరగలేదు. మూడోనాడు మోకాళ్ళ మీద కూర్చుని కొబ్బరిపీచుతో బండలు రుద్దాడు, గోడ కూడా. మధ్యలో వర్ష దగ్గరికి పోతే, అది ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన పీచు కింద పెట్టాడు. తర్వాత, "కొట్టుడు తప్పే బిడ్డా," అన్నాడు, నేలను చూస్తూ, వినీ వినబడకుండా. పిల్లకు ఏం అర్థమైందో తెలియదు. దగ్గరికి మాత్రం పోలేదు. పొమ్మని నేనూ అనలేదు.

పదిహేనో రోజున అత్త వచ్చింది. మృగశిర కార్తె దగ్గర పడుతున్నది, మబ్బులు పట్టాయి గానీ వాన లేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. కాళ్ళు కడుక్కుని, బండలూ గోడా ఒకసారి చూసి, తినడానికి కూర్చుంది. మామ ఎదురుగా కూర్చున్నాడు. ఉప్పు తక్కువైందని నాకు మొదటి ముద్దకే తెలిసింది. ఆయనకూ తెలిసే ఉంటుంది. ఉప్పు డబ్బా కోసం చూశాడు. ఎవరూ లేవలేదు. కాసేపటికి ఆయనే లేచి తెచ్చుకున్నాడు. ఆయన మారిపోయాడని నేను చెప్పను. ఆ తర్వాత కూడా రెండుసార్లు ఆయన చెయ్యి పళ్ళెం అంచు మీద బిగుసుకోవడం చూశాను. పళ్ళెం లేవలేదు, అంతవరకే చెప్పగలను. రంజిత్ ఇంకా తండ్రి ముందు గొంతెత్తలేదు. కాకపోతే నేను తింటున్నప్పుడు పిల్లను తనే చూసుకుంటున్నాడు.

ఆ రోజు అందరూ లేచాక అత్త ఒక్కతే ఇంకా తింటూ ఉంది. పాన్‌గల్‌లో ఎట్లుండెనని అడిగాను. చెల్లెలింట్లో ఏం వండారో, ఎవరెవరు కలిశారో చెప్తుందనుకున్నాను. ఆమె పళ్ళెంలో మిగిలిన అన్నం దగ్గరికి చేసుకుంది.

"పదిహేను దినాలు వేడి వేడి అన్నం తిన్న," అంది. "నడుమ ఒక్కసారి గూడ లెవ్వలే."

తర్వాత ఇంకొంచెం అన్నం వేయమని నా వైపు పళ్ళెం జరిపింది.